బజ్జీ రుచి పోకుండా నూనె తగ్గించడం ఎలా?

– పూర్వ విద్యార్థిని, ఎం.ఎస్సీ. (కెమిస్ట్రీ)

 

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని కబురు వచ్చినప్పుడు "విద్య యొక్క ప్రాముఖ్యత" గురించి రాద్దామనుకున్నాను. కానీ అది ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. నేను చదివింది రసాయన శాస్త్రం. పెరిగింది బజ్జీల మూకుడు పక్కన. ఈ రెండింటికీ సంబంధం ఉన్న పాఠం ఒకటి ఉంది. అది నాకు ఏ క్లాసులోనూ ఎవరూ చెప్పలేదు. అందుకే అదే రాస్తున్నాను. చదివి ఊరుకోకుండా చేసి చూడాలని నా కోరిక.

మా ఇంటి సంగతి

మాది అత్తిలి దగ్గర ఒక పల్లె. నాన్న కూలి పనికి వెళతారు. అమ్మ నాట్లప్పుడు నాట్లకు, కోతలప్పుడు కోతలకు వెళ్ళి, సాయంత్రం నాలుగింటికల్లా సెంటర్లో బజ్జీల బండి పెడుతుంది. మిరపకాయ బజ్జీలు, పునుగులు, ఉల్లిపాయ పకోడీ. మార్గశిర మాసంలో అత్తిలి సుబ్రహ్మణ్యేశ్వర స్వామి వారి షష్ఠి వచ్చిందంటే బండిని తీర్థంలోకి తోసుకొస్తుంది. ఆ నాలుగు రోజులూ మా ఇంటిల్లిపాదికీ నిద్ర ఉండదు.

నా పదో తరగతి పరీక్ష ఫీజు దగ్గర నుంచి యూనివర్సిటీ మెస్ బిల్లు దాకా అంతా ఆ మూకుడులోంచి వచ్చిన డబ్బే. మా ఇంట్లో డిగ్రీ పట్టా అందుకున్న మొదటి మనిషిని నేను. కాబట్టి "బజ్జీలు తినకండి, ఆరోగ్యానికి హానికరం" అని రాయడానికి నాకు చెయ్యి రాదు. అలా రాస్తే అన్నం పెట్టిన చేతిని తప్పుపట్టినట్టే అవుతుంది. అయినా రాయక తప్పని సంగతి ఒకటి ఉంది.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఒకరోజు ఉదయం ప్రేయర్‌లో కళ్ళు తిరిగి పడిపోయాను. నర్సమ్మ గారు వేలు పొడిచి రక్తం చూస్తే హిమోగ్లోబిన్ 8.4 ఉంది. మన వయసు ఆడపిల్లలకు 12 ఉండాలి. "సాయంత్రం ఏం తింటావమ్మా?" అని ఆవిడ అడిగారు. నేను నిజం చెప్పాను. స్కూలు నుంచి వస్తూ రోజూ బజ్జీలు కొనుక్కు తినేదాన్ని. ఆదివారం అమ్మ తెచ్చిన పొట్లం ఉండేది. రాత్రి హాస్టల్లో తోటకూర పప్పు వడ్డిస్తుంటే ఆకలి లేదని కంచం పక్కకు నెట్టేసేదాన్ని. కడుపు నిండేది, ఒంటికి మాత్రం ఏమీ పట్టేది కాదు. నాకే కాదు, 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ళ లోపు ఆడపిల్లల్లో నూటికి 59 మందికి రక్తహీనత ఉంది.

పడిపోయిన సంగతి అమ్మకు చెప్పలేదు. చెబితే తన చేతి బజ్జీల వల్లే అనుకుంటుందని భయం. తొమ్మిదేళ్ళు దాచాను. ఎప్పుడు చెప్పానో చివర్లో రాస్తాను. ముందు పాఠం.

బజ్జీలోకి నూనె ఎలా చేరుతుంది?

జారుగా కలిపిన శనగపిండిలో నీరు ఉంటుంది. మూకుడులో నూనె వేడి 170 నుంచి 180 డిగ్రీల సెంటీగ్రేడు ఉంటుంది. నీరు 100 డిగ్రీలకే ఆవిరవుతుంది. కాబట్టి పిండి నూనెలో పడగానే అందులోని నీరు ఆవిరై బుడగలు బుడగలుగా బయటికి తన్నుకొస్తుంది. మనకు వినిపించే 'చుయ్'మనే చప్పుడు అదే. ఆవిరి బయటికి తోస్తున్నంతసేపూ నూనె లోపలికి అంతగా వెళ్ళలేదు. ఆవిరి పోయిన దారులన్నీ సన్నటి రంధ్రాలుగా మిగిలిపోతాయి.

అసలు సంగతి బజ్జీని బయటికి తీశాక జరుగుతుంది. బజ్జీ చల్లారుతుంటే లోపలి ఆవిరి మళ్ళీ నీరై కుంచించుకుపోతుంది. లోపల ఒత్తిడి తగ్గి, పైన అంటుకున్న నూనెను ఆ రంధ్రాలు లోపలికి పీల్చేసుకుంటాయి. అంటే బజ్జీ ఎక్కువ నూనె తాగేది మూకుడులో కాదు, పళ్ళెంలో! అందుకే తీసిన వెంటనే, వేడి మీదే, చిల్లుల గరిటెలో బాగా వాడ్చాలి. పళ్ళెంలో కుప్పగా పోయకూడదు.

ఇంకో రెండు విషయాలు. నూనె సరిగా కాగకముందే పిండి వేస్తే పైపొర త్వరగా గట్టిపడదు, ఎక్కువసేపు నూనెలో నాని ఎక్కువ తాగుతుంది. తినే సోడా ఎక్కువ వేసినా రంధ్రాలు ఎక్కువై నూనె ఎక్కువ పడుతుంది. పైగా సోడా బి1 విటమిన్‌ను పాడుచేస్తుంది. శనగపిండిలో కాస్త బియ్యప్పిండి కలిపితే కరకర వస్తుంది, నూనె కూడా కొంచెం తక్కువ పీలుస్తుంది.

మా ఇంటి కాటా లెక్క

దసరా సెలవుల్లో ఇంటికి వెళ్ళినప్పుడు కిరాణా కొట్టు నుంచి కాటా అడిగి తెచ్చి, మూకుడులో పోసే ముందు నూనె తూచాను. సరిగ్గా ఒక కిలో. 20 మిరపకాయ బజ్జీలు వేయించాక, చల్లార్చి మళ్ళీ తూస్తే 870 గ్రాములు మిగిలింది. 130 గ్రాములు పోయింది. అంటే బజ్జీకి ఆరున్నర గ్రాములు. పళ్ళేనికీ గరిటెకీ అంటుకున్నది కూడా ఇందులోనే ఉంది. ఇది ఒక్కరోజు మా ఇంటి లెక్కే, పరిశోధన కాదు. మీ ఇంట్లో తూస్తే కొంచెం అటూఇటూగా రావచ్చు.

నాలుగు బజ్జీలు తింటే 26 గ్రాముల నూనె. గ్రాము నూనెకు 9 కేలరీలు. కాబట్టి ఒక్క నూనె వల్లే 234 కేలరీలు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో 2000 కేలరీల భోజనానికి రోజు మొత్తం మీద సూచించిన నూనె 27 గ్రాములు. పప్పు తాలింపు, కూర, పచ్చడి అన్నిటికీ కలిపి అంతే. అదే సంస్థ కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు తినమంది. సాయంత్రం నాలుగు బజ్జీలతో మన నూనె వాటా దాదాపు అయిపోతుంది, కూరగాయల వాటాలో మాత్రం నాలుగు మిరపకాయలే పడతాయి.

"మంచి నూనె వాడితే పరవాలేదు కదా?" అని కొందరు అడుగుతారు. ఏలూరు దగ్గర పెదవేగిలో ఆయిల్ పామ్ పరిశోధన సంస్థ ఉంది. మన చుట్టుపక్కల ఆయిల్ పామ్ తోటలు చాలా ఉన్నాయి. పామాయిల్ అయినా, వేరుశనగ నూనె అయినా, పొద్దుతిరుగుడు నూనె అయినా అందులోని కొవ్వుల రకం వేరు కానీ, గ్రాముకు 9 కేలరీలు మాత్రం అన్నిటికీ ఒకటే.

కాగిన నూనెను మళ్ళీ మళ్ళీ కాచితే

నూనెను ఎక్కువసేపు కాచేటప్పుడు మూడు మార్పులు జరుగుతాయి. పిండిలోని నీటి వల్ల నూనె అణువులు విరిగి ఫ్యాటీ ఆమ్లాలు విడిపోతాయి. గాలిలోని ఆక్సిజన్‌తో చర్య జరిగి కనరు వాసన వస్తుంది. అణువులు ఒకదానికొకటి అతుక్కుని నూనె చిక్కబడుతుంది. చిక్కబడిన నూనె త్వరగా వాడదు, బజ్జీకి ఎక్కువ అంటుకుంటుంది. రంగు నల్లబడడం, పైన నురగ నిలిచిపోవడం, మామూలు మంటకే పొగ రావడం, వేలికి జిగటగా తగలడం – ఇవి కనిపిస్తే ఆ నూనె పనికిరాదని అర్థం.

ఇలా పుట్టే పదార్థాలను కలిపి 'టోటల్ పోలార్ కాంపౌండ్స్' అంటారు. ఇవి 25 శాతం దాటిన నూనెను వంటకు వాడకూడదని ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ పెట్టిన నియమం 2018 జులై 1 నుంచి అమల్లో ఉంది. నిన్నటి నూనెలో కొత్త నూనె కలిపితే పాతది బాగుపడదు, కొత్తది కూడా తొందరగా పాడవుతుంది. అలాగే ఆహారాన్ని న్యూస్‌పేపర్లో చుట్టి ఇవ్వడాన్ని కూడా అదే సంస్థ 2018 నిబంధనల్లో నిషేధించింది, ఎందుకంటే వేడి నూనెకు అచ్చు సిరా కరిగి తిండికి అంటుకుంటుంది. అడ్డాకు దొప్ప గానీ, కడిగి తుడిచిన అరిటాకు ముక్క గానీ మేలు.

కారం ఎక్కడుంది?

నూనె తగ్గిస్తే బజ్జీ రుచి పోతుందని అందరూ అంటారు. అసలు ఆ రుచి దేనిదో విడదీసి చూద్దాం. ఒకటి మిరపకాయ కారం. రెండు చింతపండు పులుపు. మూడు వాము ఘాటు. నాలుగు ఎర్రగా వేగిన శనగపిండి వాసన. ఐదు పైన చల్లే ఉల్లిపాయ, నిమ్మరసం. ఈ ఐదింటిలో మూకుడు నిండా నూనె కావలసింది ఒక్కదానికీ లేదు. నాలుగోదానికి మాత్రం వేడి పెనం కావాలి. ఆవిరి మీద ఉడికించింది 100 డిగ్రీలు దాటదు కాబట్టి ఇడ్లీ తెల్లగానే ఉంటుంది. పిండి ఎర్రబడి కమ్మని వాసన రావాలంటే సుమారు 140 డిగ్రీలు దాటాలి. ఆ వేడి ఇనుప పెనం ఇస్తుంది.

ఇక కారం సంగతి. మిరపకాయ మన దేశపు పంట కాదు. అమెరికా ఖండం నుంచి పోర్చుగీసు వారి ద్వారా మన దగ్గరికి వచ్చింది. అంతకు ముందు మనవాళ్ళ కారం మిరియాలే. మిరపలో మంట పుట్టించే పదార్థం పేరు కాప్సైసిన్. అది గింజల్లో ఉంటుందని అందరూ అనుకుంటారు. నిజానికి గింజలు అంటుకుని ఉండే తెల్లటి ఈనెలో తయారవుతుంది. ఆ ఈనె తీసేస్తే కారం చాలావరకు తగ్గి, కాయ రుచి మిగులుతుంది. కాప్సైసిన్ నీళ్ళలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. అందుకే కారం తిన్నాక ఎన్ని నీళ్ళు తాగినా మంట పోదు, మజ్జిగ తాగితే తగ్గుతుంది. ఈ మంటను మన నరాలు ఎలా గుర్తిస్తాయో 1997లో కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతి (ఆర్డెమ్ పటపౌటియన్‌తో కలిపి) వచ్చింది. వేడిని గుర్తించే ద్వారమే కారాన్నీ గుర్తిస్తుందని ఆయన చూపించారు. మనం "నోరు కాలిపోతోంది" అనడం వట్టి మాట కాదన్నమాట!

కూరగాయల గుంత బజ్జీలు

కావలసిన పదార్థాలు (సుమారు 40 వస్తాయి. ఐదుగురికి తృప్తిగా, పదిమందికి చిరుతిండిగా సరిపోతాయి):

శనగపిండి – 200 గ్రాములు
బియ్యప్పిండి – 50 గ్రాములు
ఆనపకాయ కోరు – 150 గ్రాములు
క్యారెట్ తురుము – 75 గ్రాములు
సన్నగా తరిగిన క్యాబేజీ – 75 గ్రాములు
బజ్జీ మిరపకాయలు – 5
ఉల్లిపాయలు – 2 (ఒకటి పిండిలోకి, ఒకటి పైన చల్లడానికి)
లేత మునగాకు – గుప్పెడు
చింతపండు – చిన్న ఉసిరికాయంత
పెరుగు – 3 పెద్ద చెంచాలు
వాము – 1 టీ స్పూను, జీలకర్ర – అర టీ స్పూను
ఉప్పు – 1 టీ స్పూను
నూనె – 4 టీ స్పూన్లు
నిమ్మకాయలు – 2, కొత్తిమీర – కొంచెం

తయారు చేసే విధానం:

1. శనగపిండిని వట్టి మూకుడులో సన్నటి మంట మీద రెండు మూడు నిమిషాలు వేయించాలి. గుంతలో లోపలి భాగం నూనెలో వేగినంతగా కాగదు కాబట్టి, ఇలా చేస్తే పచ్చివాసన పోతుంది.

2. మిరపకాయలను నిలువుగా చీల్చి, చెంచా కాడతో గింజలు, తెల్లటి ఈనె తీసేయాలి. ఐదు నిమిషాలు వేడి ఉప్పునీళ్ళలో వేసి తీసి, చక్రాల్లా తరగాలి. చింతపండు చిక్కటి గుజ్జులో సగం వాము నలిపి వేసి ఈ ముక్కలకు పట్టించాలి. బజ్జీ ప్రాణమంతా ఇందులోనే ఉంది. ఈ పని చేసిన చేతులతో కళ్ళు నులుముకోకండి.

3. ఆనపకాయ కోరును పిండి, ఆ నీరు పారబోయకుండా దానితోనే పిండి కలపాలి. చాలకపోతే కొంచెం మంచినీళ్ళు. శనగపిండి, బియ్యప్పిండి, పెరుగు, జీలకర్ర, మిగిలిన వాము వేసి ఇడ్లీ పిండిలా జారుగా కలిపి 20 నిమిషాలు నాననివ్వాలి.

4. కూరగాయలు, ఒక ఉల్లిపాయ ముక్కలు, మునగాకు, ఉప్పు పెనం పొయ్యి మీద పెట్టాకే కలపాలి. ఉప్పు ముందే వేస్తే కూరగాయల్లోంచి నీరు ఊరి పిండి పలచబడిపోతుంది.

5. గుంత పునుగుల పెనం బాగా వేడెక్కాక గుంతకు మూడు నాలుగు చుక్కల నూనె వేయాలి. ముప్పావు వంతు పిండి పోసి, మధ్యలో ఒక మిరపకాయ చక్రం నొక్కి, మూత పెట్టి మంట తగ్గించాలి. నాలుగైదు నిమిషాలకు అడుగు ఎర్రబడుతుంది. పుల్లతో తిప్పి, రెండో వైపు మూత లేకుండా మూడు నిమిషాలు ఉంచాలి. మూత ఉంటే ఆవిరి నీరై కారి పైపొర మెత్తబడుతుంది.

6. పుల్ల గుచ్చితే పిండి అంటకుండా రావాలి. తీసి మధ్యకు కోసి, పచ్చి ఉల్లిపాయ, కొత్తిమీర వేసి నిమ్మరసం పిండి వేడివేడిగా తినాలి. చల్లారితే మెత్తబడతాయి, ఆ మాట ముందే చెబుతున్నాను.

నూనె లెక్క: 4 టీ స్పూన్లంటే 20 గ్రాముల లోపే. 40కి పంచితే ఒక్కోదానికి అర గ్రాము కూడా ఉండదు. ఇవి బజ్జీలో సగం ఉంటాయి కాబట్టి, నాలుగు బజ్జీలకు బదులు ఎనిమిది తిన్నామనుకుందాం. నాలుగు గ్రాముల లోపు నూనె, 36 కేలరీల లోపు. అక్కడ 234, ఇక్కడ 36. పైగా ఒక్కొక్కరి కడుపులోకి 60 గ్రాముల పైనే కూరగాయలు వెళతాయి.

వంద మందికి ఎలా?

హాస్టల్లో ఒక గుంత పెనంతో వందమందికి చేయాలంటే వంట అక్కకు తెల్లారిపోతుంది. దానికి ఉపాయం ఉంది. పై కొలతలకు పదింతలు కలుపుకోండి, నూనె మాత్రం 200 గ్రాములు దాటనివ్వకండి. అందులో కొంచెం ఇడ్లీ రేకులకు రాసి, పిండి పోసి ఆవిరి మీద 15 నిమిషాలు ఉడికించాలి. పది నిమిషాలు ఆరనిచ్చి నాలుగేసి ముక్కలు కోయాలి. పెద్ద మూకుడులో మిగిలిన నూనెతో ఆవాలు, కరివేపాకు, ఎండుమిర్చి తాలింపు వేసి, ఆ ముక్కలు వాయిలు వాయిలుగా పోసి పెద్ద మంట మీద అంచులు ఎర్రబడేదాకా వేయించాలి. ఆవిరి లోపల ఉడికిస్తుంది, మూకుడు పైన రంగు ఇస్తుంది. నెలకు ఒక ఆదివారం చేయమని మెస్ కమిటీ చెల్లెళ్ళు అడగవచ్చు. కూరగాయలు తరగడానికి మాత్రం అందరూ కూర్చోవాలి.

నీలం మాత్ర – భీమవరం కుర్రవాడు

అత్తిలిలో రైలెక్కితే ఎంతోసేపు పట్టకుండానే భీమవరం వస్తుంది. 1895లో అక్కడ పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల్లో పరిశోధనలకు నాయకత్వం వహించారు. 1945లో అక్కడి బృందం ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారు చేసింది. రక్తకణాలు పుట్టడానికి అది తప్పనిసరి. వారానికోసారి మీకు ఇచ్చే నీలం రంగు మాత్రలో ఇనుముతో పాటు ఉండేది ఆ ఫోలిక్ ఆమ్లమే. ఆ మాత్రను కిటికీలోంచి పారేసే చెల్లెళ్ళున్నారని నాకు తెలుసు, ఎందుకంటే నేనూ పారేశాను. మన పక్క ఊళ్ళో పుట్టినాయన ప్రపంచానికి ఇచ్చినదాన్ని మనమే పారేయడం న్యాయమా?

ఫోలిక్ ఆమ్లం ఆకుకూరల్లోనూ శనగల్లోనూ కూడా ఉంది. శనగపిండిలోనూ మునగాకులోనూ ఇనుము ఉంది. కానీ మొక్కల నుంచి వచ్చే ఇనుము ఒంటికి అంత తేలిగ్గా పట్టదు. దానికి సి విటమిన్ తోడు కావాలి. సి విటమిన్ వేడికి నశిస్తుంది. అందుకే నిమ్మరసం పొయ్యి మీద ఉండగా కాదు, దింపాక పిండాలి. ఇంకో ముఖ్యమైన మాట: టీలోని పదార్థాలు ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. బజ్జీ–టీ జోడీ నోటికి బాగుంటుంది కానీ రక్తానికి మంచిది కాదు. టీ తాగాలనుకుంటే కనీసం ఒక గంట ఆగండి.

అమ్మ ఏమంది?

కాటా లెక్క చూపించిన రోజు అమ్మకు కోపం వచ్చింది. "ఓసి నీ సదువు సంతకెళ్ళా! బండి మూసేసుకోమంటావేంటే?" అంది. "నీ పెనం మీద వాయికి పన్నెండు. నా మూకుడులో వాయికి ఇరవై. జనం ఆగుతారా? గ్యాసు ఎవరిత్తారు?" ఆ ప్రశ్నలకు నా పుస్తకాల్లో జవాబు లేదు. అవి న్యాయమైన ప్రశ్నలే.

అప్పుడు తొమ్మిదో తరగతిలో పడిపోయిన సంగతి చెప్పాను. అమ్మ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. మూకుడు తోముతూనే ఉంది. చివరికి, "ఆదోరం పొట్లం తెచ్చినప్పుడల్లా నువ్వు నవ్వేదానివి గదే" అంది. కాసేపాగి, "ఏదీ, ఆ పెనం ఇటు పట్రా" అంది.

మునగాకు వేయడం, ఈనె తీయడం నేను చెప్పాను. ఆనపకాయ నీళ్ళతోనే పిండి కలపడం, మిరప చక్రం మధ్యలో నొక్కడం అమ్మ ఆలోచనలు. పైన రాసిన కొలతలు మేమిద్దరం నాలుగుసార్లు పాడు చేసుకున్నాక కుదిరినవి. మొదటిసారి పిండి పలచనై గుంతకు అంటుకుపోయింది. రెండోసారి మంట పెద్దదై పైన మాడి లోపల పచ్చిగా ఉండిపోయింది.

షష్ఠి తీర్థంలో మూకుడు పక్కనే గుంత పెనం పెట్టాం. మొదటి రోజు రెండే ప్లేట్లు పోయాయి. "ఇదేం బజ్జీ?" అని నవ్వినవాళ్ళే ఎక్కువ. మూడో రోజు షుగరున్న ఒక మామ్మ గారు తిని, మనవణ్ణి మళ్ళీ పంపించి ఇంకో ప్లేటు తెప్పించుకున్నారు. ఇప్పుడు మా ఊళ్ళో కూడా రెండూ పక్కపక్కనే ఉంటాయి. కొన్ని రోజులు గుంత బజ్జీలు మూడు వాయిలు పోతాయి, కొన్ని రోజులు ఒక్కటీ పోదు. ఇంటి ఖర్చు ఇప్పటికీ మూకుడే నడుపుతోంది. కానీ నిన్నటి నూనెలో కొత్త నూనె కలపడం అమ్మ మానేసింది. పొట్లాలకు న్యూస్‌పేపరు మానేసి దొప్పలు తెస్తోంది. ఖర్చు కొంచెం పెరిగింది. "పోనీలే, మా పిల్లలాంటి పిల్లలే గదా తినేది" అంటుంది. నా ఎం.ఎస్సీ. వల్ల మా ఇంట్లో వచ్చిన మొదటి మార్పు ఇదే.

చివరి మాట

చెల్లెళ్ళూ, బజ్జీ మానమని నేను చెప్పడం లేదు. షష్ఠికి తినండి, వాన పడిన రోజు తినండి, అమ్మ ప్రేమగా తెస్తే తప్పకుండా తినండి. రోజూ మాత్రం వద్దు. దాని కోసం రాత్రి పప్పన్నం మానడం అసలే వద్దు. ఇంటికి వెళ్ళినప్పుడు ఒక్కసారి ఇవి చేసి పెట్టండి. చదువుకున్న పిల్ల చెప్పే మాట కన్నా చేసి పెట్టే తిండిని పెద్దవాళ్ళు త్వరగా నమ్ముతారు.

చేసి చూడండి – జవాబు రాయండి

1. మీ ఇంట్లో వేయించే ముందు, వేయించాక నూనె తూచి, ఒక్కో బజ్జీ ఎంత నూనె తాగిందో లెక్క కట్టండి.
2. ఒక మిరపకాయలో గింజ, తెల్లటి ఈనె, తొక్క విడివిడిగా నాలుకకు తాకించి ఏది ఎక్కువ కారమో రాయండి. (పక్కన మజ్జిగ పెట్టుకోండి.)
3. నిమ్మరసం దింపాకే ఎందుకు పిండాలి?
4. మీ ఇంట్లో చదువుకున్న మొదటి మనిషి మీరే అయితే, చదివినదాంట్లో ఇంటికి తీసుకెళ్ళాల్సిన ఒక్క విషయం ఏమిటి?

నాలుగో ప్రశ్నకు జవాబు వచ్చే ఏడాది సంచికలో మీరే రాయాలి. ఎదురుచూస్తూ ఉంటాను.